పాత సామానులో డిజిటల్ గొంతు

— ఒక బి.యస్సీ. ఫైనలియర్ విద్యార్థి

సావనీరు కమిటీ వాళ్ళు "ఏదైనా రాయవోయ్, సైన్సువాడివి గదా!" అన్నప్పుడు మొదట తప్పించుకోవాలనే చూశాను. కవిత్వం నాకు రాదు. కథ రాస్తే హాస్టలు మిత్రులు అందులో తమ తమ పేర్లు వెదుక్కుంటారు. కానీ సరిగ్గా ఆ వారంలోనే మా ఫిజిక్సు లాబ్ గుమ్మం పక్కన ఒక కాగితం అంటించారు. అమ్మివేయదలచిన పాత సామాను జాబితా అది. విరిగిన స్టూళ్ళు, ముల్లు కదలని వోల్టుమీటర్లు, ఒక ప్రొజెక్టరు, వాటి నడుమ పదకొండో నంబరుగా "ఇండక్షన్ కాయిల్, పాతది, ఒకటి" అని ఉంది. పక్కన నిలబడ్డ మిత్రుడు "పోనీలేరా, ఈ డిజిటల్ యుగంలో అదెందుకు?" అన్నాడు.

కాయిల్ పోవడం సంగతి తర్వాత. ముందు ఆ మాట మీద నాకు అభ్యంతరం ఉంది. ఆ అభ్యంతరమే ఈ వ్యాసం.

నా వాదన మొదటే చెప్పేస్తాను. రేడియో కుటుంబంలో డిజిటల్ నిన్న కాక మొన్న కాపురానికి వచ్చిన కొత్తకోడలు అనుకుంటున్నాం. నిజానికి అది ఆ ఇంటి మూలపురుషుడు. ఆ మూల పడివున్న కాయిల్ చేతనయ్యేదల్లా డిజిటల్ పనే. ఇంకో పని దానికి రానే రాదు. ఇది ఋజువు చేయమంటే చేస్తాను. కాస్త ఓపిక పట్టండి.

మాది పల్నాటి వైపు ఒక పల్లె. మిరప, పత్తి, కొద్దిగా కంది వేస్తాం. నా చిన్నతనంలో బోర్లకు కరెంటు ఎక్కువగా రాత్రిపూటే వచ్చేది. ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. మా తాత చేలో పాక వేసుకుని అక్కడే పడుకునేవాడు. బోరు అవతలి గట్టున ఉంది. మోటారు భూమి లోపల ఉంటుంది గనుక తిరిగినా చప్పుడు వినపడదు. తాత తలాపున మీడియం వేవ్ పలికే చిన్న ట్రాన్సిస్టరు ఒకటి ఉండేది. రాత్రి స్టేషను మూసేశాక కూడా ఆయన దాన్ని కట్టేసేవాడు కాదు. అది సన్నగా బుసకొడుతూ ఉండేది.

"పాటలైపోయినయ్ గదా తాతా, బ్యాటరీ దండగ" అంటే, "నీకు తెలవదులేరా, పడుకో" అనేవాడు.

ఏ రెండింటికో కరెంటు వచ్చేది. గట్టున ఆటో స్టార్టరు పడేది. ఆ పడటంలో స్పార్కు పుట్టి రేడియోలో 'టప్' మనేది. తాత దుప్పటి తీసి, లైటు పట్టుకుని మడవ మార్చడానికి పోయేవాడు. మళ్ళీ 'టప్' మంటే కరెంటు పోయిందన్నమాట, వచ్చి పడుకునేవాడు.

డిగ్రీ రెండో సంవత్సరంలో విద్యుదయస్కాంత తరంగాలు చదువుతుండగా ఒకరోజు నాకు ఒళ్ళు ఝల్లుమంది. మా పాకలో జరిగింది రేడియో ప్రసారమే! గట్టున ఉన్న స్టార్టరు ట్రాన్స్‌మిటరు. తాత తలాపున ఉన్నది రిసీవరు. పంపిన కబురు ఒక్కటే: ఉంది, లేదు. ఒక బిట్టు. కంప్యూటరు ముఖం చూడని మా తాత ప్రతి రాత్రీ డిజిటల్ కబురు అందుకుని పొలం తడుపుకున్నాడు.

తొలినాటి రేడియో అంతా సరిగ్గా ఇదే. ఇండక్షన్ కాయిల్‌లో ఇనుప కడ్డీల కట్ట చుట్టూ లావు తీగ కొద్ది చుట్లు, దాని మీద సన్న తీగ వేల చుట్లు ఉంటాయి. లావు తీగలో పారే బ్యాటరీ కరెంటును పుటుక్కున తెంపితే, సన్న తీగ కొసల మధ్య వేల వోల్టులు పుట్టి, గాలిని చీల్చుకుని స్పార్కు దూకుతుంది. దాంతో చుట్టూ ఒక అల బయలుదేరుతుంది. 1887-88 ప్రాంతంలో జర్మనీలో హైన్‌రిష్ హెర్ట్స్ ఇలాంటి స్పార్కుతోనే విద్యుదయస్కాంత తరంగాలను పట్టి చూపించాడు. 1895లో మన జగదీశ్ చంద్ర బోసు గారు కలకత్తా టౌన్‌హాలులో ఆ తరంగాలను గోడల గుండా పంపి గంట మోగించారు, తుపాకిమందు పేల్చారు. 1901 డిసెంబరు 12న మార్కోనీ అట్లాంటిక్ అవతల న్యూఫౌండ్‌లాండ్‌లో కూర్చుని ఇంగ్లండు నుంచి వచ్చిన మూడు చుక్కలు విన్నానన్నాడు. మోర్స్ లిపిలో ఆ మూడు చుక్కలు 'ఎస్' అనే అక్షరం.

చుక్కలే ఎందుకు పంపారు? మాటే పంపవచ్చు గదా? పంపలేరు. స్పార్కు పుట్టించే అల గుడిగంట మోత లాంటిది. కొట్టగానే ఖంగుమంటుంది, మరుక్షణమే క్షీణించిపోతుంది. మాటను మోయాలంటే తెగకుండా సాగే అల కావాలి. స్పార్కు ఉన్నదీ లేనిదీ తప్ప మరేమీ చెప్పలేదు. మోర్స్‌లోని చుక్క, గీత, మధ్య ఖాళీ అన్నీ చివరికి ఆ రెండింట్లోకే వస్తాయి: ఇంతసేపు ఉంది, ఇంతసేపు లేదు.

అయినా మొండివాళ్ళు ఎక్కడైనా ఉంటారు. రెజినాల్డ్ ఫెసెండెన్ అనే ఆయన 1900 డిసెంబరు 23న అమెరికాలోని కాబ్ ఐలాండ్‌లో సెకనుకు పదివేల స్పార్కులు పుట్టించి, వాటి మీద తన గొంతు మోయించి, సుమారు ఒక మైలు దూరం పంపాడు. మాట అర్థమైందట గానీ దాని వెనక స్పార్కుల రొద భరించలేనంత ఉందట. అందుకే ఆయనా, మిగతావాళ్ళూ తెగని అల కోసం పడ్డారు. ఆర్కు ట్రాన్స్‌మిటర్లు వచ్చాయి, హై ఫ్రీక్వెన్సీ ఆల్టర్నేటర్లు వచ్చాయి, ఆ తర్వాత వాల్వులు వచ్చాయి. అప్పుడు గాని రేడియో మాట్లాడలేదు, పాడలేదు. అదే మనం 'అనలాగ్' అంటున్నది.

ఇక 1937లో ప్యారిస్‌లో పనిచేస్తున్న అలెక్ రీవ్స్ అనే ఇంగ్లీషు ఇంజనీరుకు ఒక ఆలోచన తట్టింది. గొంతును అలలాగా మోయడం దేనికి? అంకెలుగా మార్చి, ఆ అంకెలను ఉంది-లేదు లాగా పంపితే దారిలో కలిసే రొద కబురును పాడుచేయలేదు గదా! ఇది మా ఊరి పద్ధతిలో చెబుతాను. ధాన్యం కొనే వ్యాపారి బస్తా మొత్తం గుమ్మరించడు. గొట్టం పొడిచి గుప్పెడు గింజలు తీసి చూసి, అంకె వేస్తాడు. గొంతుకూ అంతే. టెలిఫోను పద్ధతిలో సెకనుకు 8,000 సార్లు గొట్టం పొడుస్తారు. ప్రతిసారీ చేతికి వచ్చిన ఎత్తును ఎనిమిది బిట్ల అంకెగా రాస్తారు. అంటే సెకనుకు 64,000 ఉంది-లేదులు.

చూశారా చిత్రం! తాత ఉంది-లేదు అన్నాడు. కొడుకు తెగకుండా పాడాడు. మనవడు మళ్ళీ ఉంది-లేదు అంటున్నాడు. మన ఇళ్ళల్లో పిల్లవాడు పుట్టగానే "తాత పోలిక" అంటారే, అదే ఇది.

అయితే పాత ట్రాన్స్‌మిటరుతో డిజిటల్ గొంతు నిజంగా పంపవచ్చునా? లెక్క వేద్దాం. స్వీడన్‌లో గ్రిమెటన్ అనే ఊళ్ళో 1925లో ప్రారంభించిన 200 కిలోవాట్ల స్టేషను ఉంది. దాంట్లో వాల్వులు లేవు, ట్రాన్సిస్టర్లు లేవు; అలెగ్జాండర్సన్ కనిపెట్టిన పెద్ద ఆల్టర్నేటరు గిర్రున తిరిగి 17.2 కిలోహెర్ట్స్ అల పుట్టిస్తుంది. అది స్పార్కు కాదు, దాని తర్వాతి తరం; ఐనా వయసులో మన కాయిల్‌కు ఏమాత్రం తీసిపోదు. నిమిషానికి 12 మాటల వేగంతో మోర్స్ కొడితే సెకనుకు సుమారు 10 బిట్లు పోయినట్టు. సి.డి. మీద ఉండే నాణ్యతతో ఒక నిమిషం పాటకు ఎనిమిది కోట్ల నలభై ఆరు లక్షల పైచిలుకు బిట్లు కావాలి. ఆ వేగంతో పంపితే 98 రోజులు పడుతుంది. తొలకరిలో పల్లవి మొదలుపెడితే పెసర కోసి ఇల్లు చేరాక గాని చరణం పూర్తి కాదు!

నవ్వకండి. లెక్క రెండో వైపు కూడా చూడాలి. కోడెక్ 2 అని ఒక ఉచిత ప్రోగ్రాము ఉంది. అది మనిషి మాటను సెకనుకు 700 బిట్లలోకి కుదిస్తుంది. సొగసు పోతుంది గానీ మాట అర్థమవుతుంది. దాంతో ఐతే అదే గ్రిమెటన్ వేగంలో ఒక నిమిషం మాట 70 నిమిషాల్లో చేరుతుంది. ఫెసెండెన్ 1900లో పుట్టించిన సెకనుకు పదివేల స్పార్కుల్లో ఒక్కొక్కదాన్నీ మన ఇష్టప్రకారం ఉంచడమో ఆపడమో చేయగలిగితే, అలాంటి గొంతులు పద్నాలుగు ఏకకాలంలో పోతాయి. ఇది కాగితం మీది లెక్కే. ఆయన యంత్రంలో ఒక్కొక్క స్పార్కును అదుపు చేసే వీలు లేదు. కానీ గమనించండి: 98 రోజులను 70 నిమిషాలకు దించినప్పుడు మనం ట్రాన్స్‌మిటరులో ఒక్క మర కూడా మార్చలేదు. మారింది లెక్క. డిజిటల్ ఉన్నది ఆ లెక్కలో.

కాగితం మీది లెక్కలు ఎన్నయినా చెప్పవచ్చు, చేసి చూపించమంటారు మీరు. నేనూ, నా రూమ్మేటూ చేశాం. కాయిల్ మాకు ఇచ్చేవాళ్ళెవరు? వంటింటి గ్యాస్ లైటరు తీసుకున్నాం. నొక్కితే 'టక్' మని స్పార్కు వస్తుంది గదా, అదే మా ట్రాన్స్‌మిటరు. రిసీవరు కోసం మోటారు రిపేరు షాపులో ఆకురాయి కింద రాలిన ఇనుప రజను తెచ్చి, బాల్‌పెన్ను గొట్టంలో రెండు మరల మధ్య వదులుగా నింపాం. 1890లో ఫ్రాన్సులో బ్రాన్లీ చూపించిన 'కొహిరరు' ఇదే. మామూలుగా రజను గుండా కరెంటు సరిగా పారదు. దగ్గర్లో స్పార్కు పడితే రజను రేణువులు ఒకదానికొకటి అతుక్కుని కరెంటును పోనిస్తాయి, చిన్న ఎల్.ఇ.డి. దీపం వెలుగుతుంది. గొట్టాన్ని వేలితో కొడితే రజను మళ్ళీ విడిపోయి దీపం ఆరిపోతుంది.

పంపాల్సిన గొంతు ఎవరిది? మా తాతదే. ఫోను చేస్తే "ఆఁ… చెప్పరా" అంటాడు. ఆ 'ఆ' లోంచి ఒకే ఒక్క అల, అంటే సెకనులో వెయ్యింట ఎనిమిది వంతుల ముక్క, కంప్యూటరులో కత్తిరించాం. దాన్ని 64 చోట్ల కొలిచి, ప్రతి కొలతనూ 0 నుంచి 15 లోపు అంకెగా, నాలుగు బిట్లుగా రాసుకున్నాం. మొత్తం 256 బిట్లు. గోడ గడియారం చూస్తూ రెండు సెకన్లకొక బిట్టు. 'ఒకటి' అయితే లైటరు నొక్కాలి, 'సున్న' అయితే ఊరుకోవాలి. మూడడుగుల దూరంలో, నాకు వీపు పెట్టి కూర్చున్న రూమ్మేటు దీపం వెలిగితే ఒకటి రాసి, గొట్టం కొట్టాలి. ఎనిమిదిన్నర నిమిషాల పని.

మొదటిసారి రజను బిగిసిపోయి అన్నీ ఒకట్లే వచ్చాయి. రెండోసారి మెస్ గంట కొట్టారు, రూమ్మేటు లేచిపోయాడు. మూడోసారి పూర్తయింది గానీ గీత గీసి చూస్తే అక్కడక్కడ ముల్లులా పొడుచుకొచ్చింది. కొన్ని బిట్లు తప్పాయి. నాలుగోసారి ప్రతి నాలుగు బిట్లకూ అయిదోదాన్ని కాపలా పెట్టాం. ఒకట్ల సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యగా ఉండేట్టు చూడటమే ఆ కాపలావాడి పని. లెక్క తప్పితే రూమ్మేటు "ఇరవై ఏడోది మళ్ళీ పంపరా!" అని అరిచేవాడు. అలా పావుగంట తంటాలు పడి 64 అంకెలూ తెచ్చుకున్నాం. ఆ ఒక్క అలనే కంప్యూటరులో వరసగా వందసార్లు అతికించి వాయిస్తే 'ఆ…' అని పలికింది. రేకుడబ్బాలోంచి వచ్చినట్టుంది గానీ 'ఆ' నే!

ఆ సెకను పాటు మా గదిలో ఇద్దరం మాట్లాడలేదు. గ్యాస్ లైటరు మా తాత గొంతును మోసుకొచ్చింది. ఆ పావుగంటలో నాకు తెలిసినంత నాలుగు సెమిస్టర్ల నోట్సులో తెలియలేదు. శాంప్లింగ్ అంటే రెండు మార్కుల నిర్వచనం అనుకున్నాను. నాయిస్ అంటే ఒక సూత్రంలో అక్షరం అనుకున్నాను. అది బిగిసిపోయిన రజను అనీ, మధ్యలో కొట్టిన మెస్ గంట అనీ తెలిసింది.

ఇక ఎదుటి పక్షం మాట. మా లెక్చరరు గారు ఓపిగ్గా విని రెండు ప్రశ్నలు వేశారు. రెండూ న్యాయమైనవే. ఒకటి: స్పార్కు తన దారిలో తాను పోదు, చాలా వెడల్పున ఫ్రీక్వెన్సీలన్నీ ఆక్రమించి పక్కవాళ్ళ ప్రసారాలను చెడగొడుతుంది. 1930ల నాటికి ప్రపంచ దేశాలు దాన్ని దాదాపుగా నిషేధించింది అందుకే. మన దేశంలో లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం నేరం కూడా. నిజమే. కాబట్టి ఎవరూ ఇంటి మీద ఏరియలు కట్టి స్పార్కు కొట్టకండి. నేను కోరేది లాబ్‌లో, తీగవల పెట్టెలో, మేష్టారి కళ్ళ ముందు చేసే ప్రదర్శన మాత్రమే.

రెండో ప్రశ్న: దీనివల్ల ఉపయోగమేమిటి? ఇవాళ కొన్ని ఫోన్లలో అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే పద్ధతి ఉంది. అతి చిన్న తాటింపులను, చాలా వెడల్పున, చాలా తక్కువ శక్తితో పంపుతారు. 2002లో అమెరికా దానికి అనుమతి ఇచ్చింది. వెడల్పున పోవడం స్పార్కుకు పాపమైంది; శక్తి తగ్గించి, కాలాన్ని కచ్చితంగా కొలవడం నేర్చుకున్నాక అదే దీనికి గుణమైంది. బోసు గారు వాడిన మిల్లీమీటరు తరంగాల వైపే ఇప్పుడు 5జీ వాళ్ళు చూస్తున్నారు. పాత ఆలోచన చావదు. దాన్ని పలకరించే లెక్క కోసం ఎదురు చూస్తుంది. అంతేగానీ కొత్తదంతా మేలని కూడా నేను అనను. ఆకాశవాణి ముప్ఫైకి పైగా మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను డి.ఆర్.ఎం. అనే డిజిటల్ పద్ధతికి సిద్ధం చేసింది. మంచిదే. కానీ ఆ డిజిటల్ ప్రసారం మా తాత ట్రాన్సిస్టరులో ఉత్త రొదగా వినిపిస్తుంది. పంపేవాడు నేర్చుకుంటే చాలదు, వినేవాడి చేతికి సెట్టు అందాలి. ఆ సెట్టు చవకగా చేయవలసింది ఎవరు? ఇక్కడ బెంచీల మీద కూర్చున్న మనం కాదా?

స్వీడన్ వాళ్ళు గ్రిమెటన్‌ను తూకానికి వేయలేదు. 2004లో అది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమైంది. ఏటా క్రిస్మస్ ముందురోజు ఆ ఆల్టర్నేటరును తిప్పి మోర్స్‌లో శుభాకాంక్షలు పంపుతారు. మనం అంత చేయనక్కర్లేదు. నా కోరికలు మూడే. పదకొండో నంబరును జాబితాలోంచి తీసేయండి. దానికొక అద్దాల బీరువా, పక్కన అది ఏం చేసిందో తెలుగులో రాసిన కాగితం పెట్టండి. ఏడాదికొక మధ్యాహ్నం మొదటి సంవత్సరం విద్యార్థుల చేత దాని ముందు ఒక అక్షరాన్ని అంకెలుగా పంపించండి. పూర్వ విద్యార్థులకు ఒక మనవి: మీ అటకల మీద పాత వాల్వు రేడియోలు, మోర్సు కీలు ఉంటే పారేయకండి, మాకు పంపండి.

ఆ కాయిల్ అమ్మితే రాగి తూకానికి ఎంత వస్తుందో నాకు తెలియదు. మా ఊళ్ళో పాత నాగళ్ళు ఇలాగే పోయాయి. ట్రాక్టరు వచ్చాక నాగలి అక్కర్లేదన్నది నిజమే. కానీ చాలు ఎంత లోతు పోవాలో తెలిసినవాళ్ళు కూడా నాగలితో పాటే పోయారు. నాకు భయం దాని గురించి.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మేం తెచ్చుకున్న 'ఆ…' ను తాతకు వినిపించాను. "తాతా, ఇది నీ గొంతే. గ్యాస్ లైటరుతో పంపాం" అన్నాను. తాత చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విన్నాడు. "నా గొంతేందిరా, దూడను తప్పిపోయిన గేదె అరిచినట్టుంటే" అన్నాడు. తర్వాత సంగతంతా చెప్పించుకుని, స్టార్టరు 'టప్' మన్న దగ్గరకు వచ్చేసరికి నవ్వాడు.

"దీనికా మూడేళ్ళు చదివావు? నన్నడిగితే ఆ పాకలోనే చెప్పేవాణ్ణిగా!"